ఖాళీ మకాంలో గుర్రం

*ఎడ్లు పోయాయి, గేదెలు తగ్గాయి. గోదావరి డెల్టా ఇళ్లలో పశువుల పాకలు ఖాళీగా మిగిలాయి. గుర్రం మీద మోజుతో కొన్న పట్నవాసికేమో దాన్ని కట్టేసే చోటు లేదు. పాకనూ పచ్చికనూ గుర్రానికి అద్దెకిస్తే ఎలా ఉంటుంది? చోటు చూపించడం తేలిక. ఆ చోటును గుర్రం తట్టుకునేలా చేయడమే అసలు పని.*

కనుమ పొద్దున డెల్టా పల్లెల్లో పశువుల పాక ముందు కళ్లాపి చల్లి ముగ్గు వేస్తారు. కొమ్ములకు రంగు వేయాలి, మెళ్లో గంటలు కట్టాలి, పొంగలి పెట్టాలి. ఇప్పుడు చాలా పాకల ముందు ముగ్గు ఉంటుంది, లోపల కొమ్ములుండవు. కట్టుగుంజలు మాత్రం పాతినచోటే ఉంటాయి. కుడితి తొట్టిలో ఎండాకులు పేరుకుంటాయి. కాడెడ్లు నిలిచిన చోట ట్రాక్టరు సామాను, గేదె ఈనిన మూలన ఎరువు బస్తాలు, పాడైన మోటారు, కొబ్బరి డొక్కలు చేరతాయి.

అదే పండగ రోజుల్లో గోదావరి మెట్ట ప్రాంతంలో గుర్రపు పందేలు జరుగుతాయి. వ్యాన్ల నుంచి గుర్రాలను దించుతుంటే పిల్లలు చుట్టూ మూగుతారు. నల్లది గెలుస్తుందని ఒకరు, తెల్లమచ్చది గెలుస్తుందని మరొకరు వాదులాడుకుంటారు. రెండు నిమిషాల్లో పరుగు అయిపోతుంది, దుమ్ము అణగకముందే జనం కోడిపందేల వైపు కదులుతారు. పందేనికి దింపిన గుర్రానికి మాత్రం ఏడాది పొడుగునా మేత కావాలి, నీడ కావాలి, పగ్గం పట్టే మనిషి కావాలి. పెళ్లి ఊరేగింపులో వరుణ్ణి మోసే గుర్రానిదీ, సముద్రపొడ్డున పిల్లలను ఎక్కించుకునే గుర్రానిదీ, సరదాకి కొన్న స్వారీ గుర్రానిదీ అదే అవసరం. అపార్టుమెంటు కింద కారు పెట్టుకోవచ్చు, గుర్రాన్ని కట్టేయలేరు.

ఒకవైపు ఖాళీ పాక, మరోవైపు చోటు లేని గుర్రం. ఈ రెంటినీ కలిపే ఏర్పాటు ఇంగ్లండు, అమెరికా పల్లెల్లో సాధారణ వ్యాపారం. గోదావరి నేలలో అది కుదరాలంటే నేల, గాలి, గడ్డి, చట్టం అన్నీ చూసుకోవాలి.

పాకలు ఎందుకు ఖాళీ అయ్యాయి?

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కాలువ నీళ్లు అందిన కొద్దీ బీళ్లు మాగాణులయ్యాయి. పశువు మేసే నేల తగ్గినా, దున్నడానికీ దమ్ము చేయడానికీ ఎడ్లూ దున్నపోతులూ తప్పనిసరి కాబట్టి ప్రతి రైతింటా పాక నిలిచింది. ఊళ్లో చోటు చాలనివాళ్లు తోటలోనో చేను గట్టునో ‘మకాం’ వేసుకున్నారు. పశువులు, గడ్డిమేటు, పాలేరు మంచం, దాణా కుండ అన్నీ అక్కడే ఉండేవి.

ట్రాక్టరు వచ్చి ఎడ్లను పంపేసింది. కోత యంత్రం వచ్చి గడ్డిమేటును చిన్నది చేసింది. యంత్రం కోసిన చేలో గడ్డి నలిగి చెదిరిపోతుంది, దాన్ని పోగేయడానికి మళ్లీ ఖర్చు. భీమవరం, ఉండి వైపు వరి చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడితే ఇంట్లో మిగిలిన పెద్దవాళ్లు తెల్లవారుజామున పేడ ఎత్తలేక గేదెను అమ్మేసి పాల ప్యాకెట్టుకు అలవాటు పడ్డారు. పాకను కూల్చడానికి చేతులు రావు. ఉంచితే పైకప్పు మరమ్మతు ఖర్చు తప్పదు.

గుర్రాల సంఖ్య కూడా పెరగడం లేదు. 2012 పశుగణనలో దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 6.25 లక్షలు. 2019 నాటికి అవి 3.4 లక్షలకు పడిపోయాయి. బండి లాగే గుర్రం, బరువు మోసే గుర్రం తగ్గడమే ఇందుకు ముఖ్య కారణం. రాజమండ్రి, కాకినాడ వీధుల్లో ఒకప్పుడు జట్కాలు తిరిగేవి. రిక్షా వాటిని పక్కకు నెట్టింది, ఆటో పూర్తిగా తుడిచేసింది. జట్కాతోపాటే లాడాలు కొట్టేవాళ్లు, మాలీసు చేసేవాళ్లు, గుర్రం నడక చూసి జబ్బు చెప్పేవాళ్లు కూడా తగ్గిపోయారు. ఇప్పుడు డెల్టాలో గుర్రం తరచుగా కనిపించేది ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం కింద. కొత్తగా గుర్రం కొంటున్నవాళ్లు దాని మీద బతికేవాళ్లు కాదు, దాని కోసం ఖర్చు పెట్టేవాళ్లు. అద్దె పాక ఆలోచన నిలబడేది ఈ తేడా మీదే.

ఒకరి పశువు, ఇంకొకరి దొడ్డి

పరాయి పశువును తన దొడ్డిలో సాకడం గోదావరి రైతుకు కొత్త కాదు. పెయ్యను ‘పాలుకు’ ఇవ్వడం పాత పద్ధతి. పశువు ఒకరిది, మేపు మరొకరిది. అమ్మినప్పుడు వచ్చిన సొమ్మునో, పుట్టిన దూడలనో ముందు అనుకున్న ప్రకారం పంచుకుంటారు. భూమి లేని కుటుంబాలు ఈ దారిలోనే సొంత పశువును సంపాదించుకున్నాయి.

పొలంలో పడ్డ పశువును తోలుకెళ్లి పెట్టే బందెలదొడ్డి రెండో ఏర్పాటు. అక్కడ మేపినందుకూ నీళ్లు పెట్టినందుకూ యజమాని రుసుము కట్టి విడిపించుకోవాలి. దీని వెనకున్న 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ‘పశువు’ అన్న మాట కింద ఆవులు, గేదెలతోపాటు గుర్రాలను, కంచర గాడిదలను, ఏనుగులను కూడా చేర్చింది.

పశువులకు ఉమ్మడి వసతి మూడో రూపం. గుజరాత్‌లోని సబర్‌కాంఠా జిల్లా అకోదరా గ్రామంలో ఊరి పశువులన్నిటికీ ఒకేచోట ‘పశువుల హాస్టల్’ కట్టారు. తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలోనూ ఇలాంటి హాస్టళ్లు వెలిశాయి. ఇళ్ల మధ్య పేడ, దోమల బెడద తగ్గడం, యజమానికి పని తేలికవడం వీటి ఉద్దేశం.

గుర్రాల విషయంలో తెలుగునాట పాతుకుపోయిన ఏర్పాటు హైదరాబాదులో ఉంది. మలక్‌పేట పందెపు మైదానంలో గుర్రం యజమాని దాన్ని ఇంట్లో ఉంచుకోడు. లైసెన్సున్న శిక్షకుడి లాయంలో ఉంచి నెల నెలా ఖర్చు కడతాడు. మేత, మాలీసు, వ్యాయామం, వైద్యం అన్నీ శిక్షకుడి అజమాయిషీలో సాగుతాయి. ఇంటి పాకను అద్దెకివ్వాలనుకునే రైతు చూడాల్సింది ఈ పద్ధతినే. అక్కడ యజమాని డబ్బు కట్టేది రోజూ అందే సంరక్షణకు. నాలుగు గోడలు అందులో చిన్న భాగం.

అద్దెలో మూడు రకాలు

ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా మూడు తరగతుల్లో ఇముడుతాయి.

మొదటిది చోటు మాత్రమే. పాక, నీళ్లు, కొంత పచ్చిక ఇంటివాళ్లవి. మేత తేవడం, పేడ ఎత్తడం, స్వారీ చేయించడం గుర్రం యజమాని పని. అద్దె తక్కువ, ఇంటివాళ్లకు శ్రమా తక్కువే. కాకపోతే యజమాని ఒక పూట రాలేకపోతే ఆకలితో సకిలించే గుర్రం ఇంటివాళ్ల కిటికీ ముందే ఉంటుంది. కాగితంలో ఏం రాసుకున్నా ఆ పూట మేత వేసేది వాళ్లే.

రెండోది సగం బాధ్యత. పొద్దున పూట ఇంటివాళ్లు, సాయంత్రం యజమాని. లేదా మామూలు రోజులు ఇంటివాళ్లు, సెలవు రోజులు యజమాని. పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో రాజమండ్రి, అమలాపురం, తణుకు లాంటి ఊళ్లో ఉండే యజమానికి ఇది అనువు.

మూడోది పూర్తి పోషణ. యజమాని వచ్చేది స్వారీకే. మిగతాదంతా పాక ఇచ్చినవాళ్ల పూచీ. రాబడి ఇందులోనే ఎక్కువ. దీనికి జీతం మనిషి తప్పనిసరి.

పచ్చిక మాత్రమే అద్దెకిచ్చే నాలుగో రకం చల్లటి దేశాల్లో బాగా నడుస్తుంది. డెల్టాలో అది ఎందుకు నడవదో మేత దగ్గర తేలుతుంది.

గేదెల పాక గుర్రానికి సరిపోతుందా?

గేదెను మెడతాడుతో వరసలో కట్టేస్తారు. ఒక్కోదానికి నాలుగు చదరపు మీటర్లు చాలు. గుర్రం తిరగాలి, పొర్లాలి, లేవాలి. ఒక గుర్రానికి 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది ఉండాలన్నది అంతటా పాటించే కొలత. పొట్టి గుర్రానికి 10 అడుగుల చదరం. అంటే మూడు గేదెల చోటు ఒక గుర్రానికి పోతుంది. ఆరు గేదెల పాకలో రెండు గుర్రాలే.

పైకప్పు ఎత్తు పది అడుగులకు తగ్గకూడదు. తల విసిరితే దూలం తగిలే పాత తాటాకు పాక పనికిరాదు. తాటాకు, పెంకు కప్పులు చల్లదనమిస్తాయి. రేకుల కప్పయితే ఎండాకాలం కింద గడ్డి తడకో పైన సున్నమో ఉండాలి. గోడలు పైదాకా మూసేయకూడదు. పేడ, మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఆవిరి గుర్రం ఊపిరితిత్తులను తినేస్తుంది. గాలి అడ్డంగా దూసుకుపోవాలి.

నేల విషయంలో డెల్టా బంకమట్టి మొదటి శత్రువు. వానాకాలమంతా తడిలో నిలిస్తే గిట్టల అడుగు కుళ్లి దుర్వాసన వేస్తుంది, గుర్రం కుంటుతుంది. చుట్టూ నేలకన్నా అడుగు, అడుగున్నర ఎత్తు లేపి, కాస్త వాలు పెట్టి, మూత్రం నిలవకుండా కాలువ తీయాలి. పరుపుకు వరిగడ్డి వేయవచ్చు. రైస్‌మిల్లు ఊక, కోనసీమ కొబ్బరి పొట్టు చవకగా దొరుకుతాయి. దుమ్ము లేకుండా చూసుకుని, తడిసిన మేర రోజూ తీసేస్తే అవీ చక్కని పరుపులే.

కంచె మాటకొస్తే డెల్టాలో చేతికందేది ముళ్ల తీగ. గేదె దాన్ని చూసి ఆగుతుంది. గుర్రం బెదిరితే దాని మీదికే దూకి కాళ్లూ రొమ్మూ చీల్చుకుంటుంది. సరుగుడు గుంజలు పాతి, వాటికి అడ్డ కర్రలు బిగించిన దడి మేలు.

> లెక్కలో గుర్రం
> • రోజుకు నీరు: 25–50 లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ
> • మేత: శరీర బరువులో 1.5–2.5 శాతం పొడి పదార్థం. 350 కిలోల గుర్రానికి సుమారు 7 కిలోలు. పచ్చిగడ్డి మీదే సాకితే 30 కిలోల దాకా
> • పేడ, మూత్రం: అదే గుర్రానికి నెలకు అర టన్ను
> • గిట్టలు చెక్కడం: 6–8 వారాలకోసారి
> • మామూలు ఒంటి వేడి: 37.5–38.5 డిగ్రీల సెల్సియస్
> • పొట్ట చిన్నది, కక్కలేదు. అందుకే కొద్దికొద్దిగా పలుమార్లు మేత

పచ్చగా కనిపించేదంతా మేత కాదు

డెల్టాను చూసిన పరాయి ఊరివాళ్లు ఇక్కడ మేతకేం కొదవ అనుకుంటారు. పచ్చదనం నిజమే, అది వరి పచ్చదనం. సార్వా (ఖరీఫ్) నాట్ల నుంచి దాళ్వా (రబీ) కోతల దాకా చేలు ఖాళీగా ఉండవు. కోతలయ్యాక కాలువలు కట్టేసిన వేసవి వారాల్లో కొయ్యకాళ్ల చేలు తెరిపి ఇస్తాయి. అప్పుడు వాటిలో పచ్చిక ఉండదు. ఏడాది పొడుగునా గుర్రాన్ని వదిలి మేపే బయలు డెల్టా నడిబొడ్డున లేదు. చల్లటి దేశాల్లో ఒక గుర్రానికి ఎకరం నుంచి రెండెకరాల శాశ్వత పచ్చిక కావాలంటారు. ఎకరం మాగాణి ఇచ్చే వరి రాబడిని వదులుకుని పచ్చిక వదలడం ఏ రైతుకూ గిట్టదు.

కోనసీమ కొబ్బరి తోటల్లో చెట్ల కింద గడ్డి, నీడ రెండూ ఉంటాయి. అక్కడా అంతరపంట కోకో ఉంటే గుర్రాన్ని వదలకూడదు. కోకో కాయలోని థియోబ్రొమిన్ గుర్రానికి విషం. కొబ్బరికాయలు రాలే చెట్ల కిందా కట్టేయకూడదు.

మేత కోసి తెచ్చి పెట్టాలంటే ఏ గడ్డి అన్నది ప్రశ్న. పాడి రైతులు పెంచే సూపర్ నేపియర్, కాలువ గట్ల మీద పెరిగే పారా గడ్డి గేదెకు మంచి మేత. వీటిలో ఆక్సలేట్లు ఎక్కువ. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని విరగ్గొడతాయి. గుర్రం పొట్టలో అవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. ఒంటికి కావాల్సిన కాల్షియం ఎముకల్లోంచి కరిగి వస్తుంది. నెలలు గడిచేసరికి దవడ ఎముకలు ఉబ్బి ముఖం పెద్దదవుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. పశువైద్యులు దీన్ని ‘పెద్ద తల’ జబ్బు అంటారు. ఇళ్లలో చవగ్గా ఉండే తవుడు దీనికి తోడైతే ఇంకా చెరుపు. తవుడులో భాస్వరం మెండు, కాల్షియం తక్కువ.

గట్ల మీది గరిక గుర్రానికి శ్రేష్ఠం. వరి కోశాక చేలో చల్లే పిల్లిపెసర మంచి మేత. దాని జతగా చల్లే జనుము పెట్టకూడదు. జనుము జాతి మొక్కల్లోని ఆల్కలాయిడ్లు గుర్రం కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఒట్టి వరిగడ్డి మీదే ఆధారపడితే బలం చాలదు, పీచు ముద్దకట్టి పేగు అడ్డుపడే ప్రమాదమూ ఉంటుంది. దాణాగా నానబెట్టిన ఉలవలు, ఓట్లు పెట్టవచ్చు. ఏ దాణా అయినా ఒక పూటకు రెండు కిలోలు దాటకూడదు. మేత మార్చాలంటే వారం పది రోజులు పాతదానిలో కొత్తది కలుపుతూ మార్చాలి.

‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అన్న సామెత అద్దె ఒప్పందంలో మొదటి పాఠం. యజమాని ఆ నెల ఎక్కినా ఎక్కకపోయినా ఖర్చు ఆగదు.

> దొడ్డిలో దాగిన ప్రమాదాలు
> • కోళ్ల దాణా: తణుకు, అనపర్తి వైపు కోళ్ల ఫారాలు ఎక్కువ. కోళ్ల దాణాలో కలిపే మొనెన్సిన్, సాలినోమైసిన్ మందులు గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. కొద్ది మోతాదే ప్రాణం తీస్తుంది. ఆ బస్తాలు పాకలో ఉండకూడదు.
> • బూజు పట్టిన మొక్కజొన్న: ఫ్యూమోనిసిన్ విషం మెదడును కరిగిస్తుంది. తడిసిన గింజను ఎండబెట్టి పెట్టడమూ తప్పే.
> • గన్నేరు: ఇంటిముందు పూలమొక్క. ఎండిన ఆకులకూ విషం పోదు.
> • ఆముదం గింజలు: దొడ్డి దడి వెంట మొలిచే మొక్కలు పీకేయాలి.

ఉక్క, జోరీగ, జబ్బు

కాఠియావాడీ, మార్వాడీ జాతులు పొడి వేడికి పుట్టినవి. నలభై డిగ్రీల ఎండను గుజరాత్, రాజస్థాన్‌లలో తట్టుకుంటాయి. గోదావరి తీరపు ఉక్క వేరు. గాలిలో తడి ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. ఎండలో నిలిచినా ఒళ్లు పొడిగా ఉండి, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటే అది ప్రమాద సూచన. స్వారీ తెల్లవారుజామునే ముగించాలి. ఒంటి మీద నీళ్లు పోస్తూ తుడుస్తుండాలి. పాకలో ఫ్యాను ఉండాలి, నాకడానికి ఉప్పుగడ్డ ఉండాలి.

సర్రా రెండో బెడద. దీనికి కారణమైన పరాన్నజీవిని 1880లో పంజాబు ప్రాంతపు గుర్రాల, ఒంటెల రక్తంలో గ్రిఫిత్ ఎవాన్స్ కనుగొన్నాడు. దాన్ని ఒక పశువు నుంచి మరొకదానికి మోసేది రక్తం పీల్చే జోరీగ. గేదె ఒంట్లో ఆ జీవి పైకి లక్షణాలేవీ లేకుండా ఉండిపోవచ్చు. అదే గుర్రానికి సోకితే విడిచి విడిచి జ్వరం, నీరసం, కాళ్ల వాపు, చికిత్స అందకపోతే చావు. కాబట్టి ఇంట్లో ఇంకా గేదెలు ఉంటే రెంటినీ ఒకే పాకలో కట్టడం మంచిది కాదు. పెంటకుప్ప దూరంగా ఉండాలి, నీటి గుంటలు పూడ్చాలి.

గ్లాండర్స్ మూడోది. గుర్రం నుంచి మనిషికి సోకే జబ్బు ఇది. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద పుండ్లు కనిపిస్తాయి. దీన్ని దాచడం చట్టరీత్యా నేరం. తేలిన గుర్రాన్ని నొప్పి లేకుండా చంపి పూడ్చాల్సిందే. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం నమూనాలు పరీక్షిస్తుంది. కొత్త గుర్రం దిగేముందే పరీక్ష కాగితం అడగాలి. వచ్చాక మూడు వారాలు విడిగా ఉంచాలి. ధనుర్వాతం గుర్రాలకు తేలిగ్గా సోకుతుంది. దానికీ, రేబిస్‌కూ టీకాలు తప్పవు.

మండల పశువైద్యశాలకు రోజూ వచ్చేవి గేదెలు, ఆవులు, మేకలు. గుర్రం అరుదు. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల డెల్టాకు దగ్గరలోని పెద్ద వైద్య కేంద్రం. కడుపునొప్పితో గుర్రం అర్ధరాత్రి పొర్లాడుతుంటే ఎవరిని పిలవాలో, బండి ఎక్కడిదో, ఖర్చు ఎవరిదో ముందే రాసిపెట్టుకోవాలి.

వరద వస్తే

నది నడుమ ఉండే లంక గ్రామాల్లో పచ్చిక దొరుకుతుంది, నేల ఇసుకపాటిది, గిట్టకు మేలు. అక్కడ అద్దె పాక పెట్టాలనుకోవడం సహజం. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. ఆ నీళ్లు దిగువకు వచ్చేసరికి లంకల్లో మనుషులే పడవలెక్కారు. గేదె ఈదుతుంది, అలవాటైన దారిలో ఏటిగట్టు చేరుతుంది. బెదిరిన గుర్రాన్ని రాత్రిపూట పడవ ఎక్కించడం అసాధ్యం. భద్రాచలంలో మొదటి హెచ్చరిక మట్టం 43 అడుగులు. ఆ మాట వినగానే గుర్రాన్ని మెట్టకు తరలించే బండి, అక్కడ ఉంచే చోటు సిద్ధంగా ఉండాలి. ఇసుక నేల మీద మేత వేస్తే మేతతోపాటు ఇసుక కడుపులో చేరి శూల వస్తుంది. తొట్టిలోనే వేయాలి.

అన్నీ చూస్తే మెట్ట అంచు గ్రామాలు ఈ పనికి ఎక్కువ అనువు. రంగంపేట, గోకవరం, ద్వారకాతిరుమల వైపు ఎర్రనేల తొందరగా ఆరుతుంది, బయలు దొరుకుతుంది, వరద భయం లేదు. డెల్టా నడుమ ఉన్నవాళ్లు మెరక చేసిన పొడి పాకనూ చేతి మేతనూ నమ్ముకోవాలి. పచ్చికను నమ్ముకుంటే నష్టపోతారు.

కాగితం మీద ఏముండాలి?

ఒకరి గుర్రాన్ని డబ్బు తీసుకుని సాకడం 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో ‘బెయిల్‌మెంట్’ కిందకు వస్తుంది. 151వ సెక్షను ప్రకారం మామూలు వివేకమున్న మనిషి సొంత గుర్రమైతే ఎంత జాగ్రత్త తీసుకుంటాడో సాకేవాళ్లు అంత జాగ్రత్త తీసుకోవాలి. అంత జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, పూచీ వాళ్లది కాదు.

కేవలం మేపినందుకు అద్దె బాకీ పడితే గుర్రాన్ని పట్టి ఉంచే హక్కు దానంతటదే రాదు. వస్తువు మీద నైపుణ్యమో శ్రమో పెట్టినవాళ్లకే 170వ సెక్షను ఆ హక్కు ఇస్తుంది. మేత వేయడం ఆ కోవలోకి వస్తుందా రాదా అని కోర్టులో తేల్చుకోవడం కన్నా బాకీ షరతును ముందే రాసుకోవడం మేలు. రెండు నెలల సొమ్ము బయానాగా ఉంచుకోవడం మరీ మేలు.

చోటు ఇచ్చే కాగితాన్ని కౌలు పత్రంలా రాయకూడదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం చెప్పే ‘లైసెన్సు’, అంటే వాడుకునే అనుమతి మాత్రమే అన్నట్టు రాయాలి. అప్పుడు నేల మీద ఎదుటివారికి హక్కు పుట్టదు. గుర్రం వీధిన పడి ఎవరినైనా తంతే, అదుపు చేయడంలో అశ్రద్ధ ఉంటే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద శిక్ష పడవచ్చు. ఎవరి చేతిలో ఉండగా జరిగితే వారిదే పూచీ కాబట్టి పగ్గం చేతులు మారే వేళలు కూడా రాసుకోవాలి.

పన్నులోనూ ఒక మెలిక ఉంది. పశువుల పెంపకానికి సంబంధించిన సేవలకు జీఎస్టీ మినహాయింపు ఇచ్చే నోటిఫికేషను ‘గుర్రాలు తప్ప’ అని ప్రత్యేకంగా రాసింది. గేదెను మేపితే వ్యవసాయ సేవ, గుర్రాన్ని మేపితే కాదు. ఏడాది సేవల రాబడి 20 లక్షల లోపు ఉన్నంతకాలం నమోదు అవసరం రాదు. ఒకటి రెండు గుర్రాల ఇల్లు ఆ గీత దాటదు.

> చట్టంలో పరుగెత్తిన గుర్రాలు
> ఒప్పందాల చట్టం రాసిన రోజుల్లో గుర్రమే వాహనం. అందుకే అందులోని ఉదాహరణల నిండా గుర్రాలే.
> • సెక్షను 150: పొగరుబోతు గుర్రమని తెలిసీ చెప్పకుండా ఇస్తే, ఎక్కినవాడు పడితే నష్టం ఇచ్చినవాడిదే.
> • సెక్షను 154: తను ఎక్కడానికి తెచ్చుకున్న గుర్రాన్ని ఇంట్లో మరొకరిని ఎక్కనిస్తే, ఎంత జాగ్రత్తగా నడిపినా గుర్రానికి తగిలిన దెబ్బకు తెచ్చుకున్నవాడే బాధ్యుడు. కాశీకని కలకత్తాలో అద్దెకు తీసుకుని కటకం వైపు తోలినా అంతే.
> • సెక్షను 163: సాకుతుండగా ఆవు ఈనితే దూడ కూడా యజమానిదే. గుర్రప్పిల్లకూ అదే సూత్రం. పాలు పద్ధతికి అలవాటు పడ్డ ఇళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఎంత అడగాలి?

ధర ఊరిని బట్టి మారుతుంది, లెక్క కట్టే తీరు మారదు. మేత, దాణా, ఉప్పు, కాల్షియం పొడి, పరుపు ఊక, కరెంటు, మనిషి జీతం, పాక మరమ్మతుకు నెల నెలా పక్కన పెట్టే సొమ్ము: ఇవి మొదటి వరస. గిట్టలు చెక్కడం, లాడాలు, టీకాలు, నట్టల మందు, వైద్యుడి రుసుము: ఇవి గుర్రం యజమాని విడిగా కట్టాల్సిన రెండో వరస. మొదటి వరస మొత్తం మీద ఇంటివాళ్ల శ్రమకు కూలి వేసుకుని, ఆపైన లాభం చూసుకోవాలి. చాలామంది తమ శ్రమను లెక్కలో వేయరు. నెల ముగిసేసరికి మిగిలింది లాభంలా కనిపిస్తుంది, నిజానికి అది వాళ్ల కూలి.

నెలకు అర టన్ను పేడ అదనపు రాబడి. ఊక కలిసిన గుర్రపు ఎరువు కుళ్లితే కొబ్బరి, అరటి, నర్సరీ తోటలకు పనికొస్తుంది. కడియం నర్సరీలు దగ్గరున్నవాళ్లకు కొనేవాళ్ల కోసం వెతుకులాట ఉండదు.

ప్రభుత్వ సాయం విషయంలో పొరపాటు పడకూడదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ పశుధన మిషన్‌లో గుర్రాలు, గాడిదలు, ఒంటెలను చేర్చింది. వ్యక్తులకూ సంఘాలకూ 50 శాతం పెట్టుబడి రాయితీ, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. అది కొత్తగా పెంపక కేంద్రం పెట్టేవాళ్లకు. పరాయి గుర్రానికి పాక అద్దెకివ్వడానికి కాదు.

ఎవరి ఇంట్లో కుదురుతుంది?

ఈ పని భారం ఇంట్లో ఎవరి మీద పడుతుందన్నదే చివరికి తేల్చే మాట. డెల్టా ఇళ్లలో పాక పని ఎప్పుడూ ఆడవాళ్ల చేతుల మీదుగానే నడిచింది. కుడితి కలపడం, పేడ ఎత్తడం, పాలు తీయడం వాళ్ల పని, పాల డబ్బు వాళ్ల చేతి డబ్బు. గేదె పాలిస్తుంది, సాయంత్రానికి శ్రమకు ఫలం కనపడుతుంది. గుర్రం అలా కనిపించేదేదీ ఇవ్వదు. నెలాఖరు అద్దె ఆ శ్రమ చేసినవాళ్ల చేతికే అందాలి. అలా అందని ఇంట్లో ఈ ఏర్పాటు ఆర్నెల్లు దాటదు.

గుర్రం మంద జీవి. ఒంటరిగా కట్టేస్తే గోడ కొరుకుతుంది, తల అటూ ఇటూ ఊపుతూ నిలబడుతుంది. కనీసం రెండు గుర్రాలుండాలి. కుదరకపోతే మేకనైనా తోడు కట్టాలి. గేదెను పుల్ల చూపించి అదిలించే చెయ్యి గుర్రం దగ్గర పనికిరాదు. వెనకనుంచి పోకూడదు, గొంతు వినిపిస్తూ ఎడమ భుజం వైపు నుంచి చేరాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే పాకకు గడియ ఉండాలి.

పెళ్లిళ్లు, తీర్థయాత్రలు, చావులు ఇంటి మనిషిని నాలుగు రోజులు దూరం చేస్తాయి. ఆ నాలుగు రోజులు ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు ముందే ఉండాలి. పక్కింటివాళ్లతో ఈగలు, వాసన గురించి ముందే మాట్లాడి, పెంటకుప్ప ఎక్కడ వేయాలో వాళ్లను అడిగి వేస్తే తర్వాత పంచాయతీ దాకా పోదు.

మెరక నేల, పది అడుగుల కప్పు, రోజుకు మూడు పూటలు దగ్గర నిలిచే మనిషి, పిలిస్తే వచ్చే వైద్యుడు, చేతిలో రాసుకున్న ఒప్పందం: ఈ అయిదూ ఉన్న ఇంటికి ఖాళీ పాక రాబడి అవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ పాకలో రెండు గేదెలనో నాలుగు మేకలనో కట్టుకోవడమే లాభం.